ఉంగరం, దుద్దులు, లాకెట్: మూడింటికీ ఎరుపు-నారింజ రాయి, ఏది తీసుకోవాలి?

పటకారు:

925 వెండిలో ఒక సెట్ చేయాలి. ఉంగరం, జత దుద్దులు, లాకెట్. కావాల్సిన రంగు నిప్పు కణిక రంగు. కెంపంత ఎరుపు వద్దు, తేనె రంగులోకి జారే నారింజా వద్దు. ఉంగరం రోజూ వేలికి ఉండేది, చేతిపనులన్నీ దాంతోనే జరుగుతాయి. మిగతా రెండూ అప్పుడప్పుడు పెట్టుకునేవి.

అనుకున్న కొలతలు: ఉంగరానికి 8×6 మి.మీ. ఓవల్, దుద్దులకు 6 మి.మీ. రౌండ్ రాళ్లు రెండు, లాకెట్‌కు 14×10 మి.మీ. ఓవల్. బెజెల్‌కు, అంటే రాయి చుట్టూ కట్టే గోడకు, 0.3 మి.మీ. శుద్ధ వెండి పట్టీ ఉంది. కావాలంటే ప్రాంగ్‌లు (రాయిని పట్టి ఉంచే తీగ కాళ్లు) కూడా కట్టగలను.

జాబితాలో ఉన్నవి: కార్నీలియన్, ఫైర్ ఓపల్, స్పెస్సార్టైన్ గార్నెట్, గోమేదికం, నారింజ నీలం (సఫైర్), నారింజ జిర్కాన్. పగడం కూడా చూశాను.

అడగాల్సినవి ఇవి. మూడింటికీ ఒకే రాయి పెట్టడం మంచిదా, వేరువేరుగా తీసుకోవాలా? అమ్మేవాళ్లు అందరూ క్యారెట్ లెక్కనే చెబుతున్నారు, ఒక రాయిని ఇంకో రాయితో పోల్చేదెలా? పొదిగే ముందు ఇంట్లో ఉన్న సామానుతో అసలు రాయో కాదో ఎంతవరకు తేల్చుకోవచ్చు?

సానరాయి:

మీ జాబితాలో నుంచి ఉంగరానికి ముందు కొట్టేయాల్సినవి కొట్టేద్దాం. పగడం గట్టిదనం మోస్ కొలతలో 3 నుంచి 4. అది కాల్షియం కార్బొనేట్. చెమట, నిమ్మరసం, వెనిగర్ తగిలినచోటల్లా మెరుపు పోతుంది. ఫైర్ ఓపల్ 5.5 నుంచి 6.5. గాల్లో ఎగిరే దుమ్ములో క్వార్ట్జ్ రేణువులు ఉంటాయి, వాటి గట్టిదనం 7. ఉంగరాన్ని గుడ్డతో తుడిచిన ప్రతిసారీ ఆ దుమ్ము 7 కంటే మెత్తనైన రాయి మీద సన్నని గీతలు పెడుతుంది. కొన్నాళ్లకు ఓపల్ పైభాగం మసక పట్టినట్టు కనిపించేది అందుకే. దానికి తోడు ఓపల్‌లో నీరు ఉంటుంది, మామూలుగా బరువులో 3 నుంచి 10 శాతం. వేడిలోంచి ఉన్నట్టుండి చల్లదనంలోకి వెళ్తే సాలెగూడులాంటి పగుళ్లు రావచ్చు. రోజువారీ ఉంగరానికి వద్దు.

జిర్కాన్ దగ్గర చాలామంది పొరబడతారు. గట్టిదనం 6.5 నుంచి 7.5 అని చూసి గార్నెట్‌తో సమానం అనుకుంటారు. కానీ అది పెళుసు. రాయి మీద కోసిన చదును ముఖాల, అంటే పలకల, అంచులు త్వరగా నలుగుతాయి. ఒకే కాగితపు పొట్లంలో నాలుగు జిర్కాన్లు కలిపి ఉంచినా ఒకదానికొకటి రాసుకుని అంచులు పాడవుతాయి. మెరుపు మాత్రం అద్భుతం. వక్రీభవనం 1.92 దాటుతుంది, రంగులు విరజిమ్మే గుణం 0.039, వజ్రానిది 0.044. దుద్దులకు బాగుంటుంది, ఉంగరానికి నేను సిఫారసు చేయను. ఇంకోమాట: జిర్కాన్ వేరు, క్యూబిక్ జిర్కోనియా వేరు. రెండోది ప్రయోగశాలలో తయారయ్యేది. కొనేటప్పుడు రాతపూర్వకంగా ఏదని ఉందో చూడండి.

ఇక మిగిలినవి నాలుగు. కార్నీలియన్, గోమేదికం, స్పెస్సార్టైన్, నారింజ నీలం.

గట్టిదనం ఒక్కటే చూస్తే నీలందే పైచేయి, 9. కానీ ఎర్రనారింజ నీలంలో బెరీలియం వేడి చికిత్స చేసినవి చాలా ఉన్నాయి. 2001, 2002 ప్రాంతంలో ఇవి పెద్దఎత్తున మార్కెట్‌లోకి వచ్చినప్పటి నుంచి ఆ రంగు సహజమని ఒట్టి చూపుతో చెప్పే వీలు లేకుండా పోయింది. చికిత్స చేసిన రాయి చెడ్డదేం కాదు, రంగు నిలకడగానే ఉంటుంది. ఆ మాట చెప్పి, ఆ ధరకే అమ్మితే తీసుకోవచ్చు. పద్పరద్షా అనే నీలం రకం మీ పనికి కాదు, అది గులాబీ కలిసిన లేత నారింజ.

కార్నీలియన్ గట్టిదనం 6.5 నుంచి 7. అంకె చిన్నదే అయినా లోపల కంటికి కనిపించనంత సన్నని స్ఫటికాలు అల్లుకుపోయి ఉంటాయి కాబట్టి దెబ్బకు సులువుగా పగలదు. గట్టిదనం అంటే గీత పడకపోవడం, దృఢత్వం అంటే విరగకపోవడం. ఉంగరానికి రెండూ చూడాలి. క్యాబ్‌గా, అంటే పలకలు లేకుండా పైన నున్నగా ఉబ్బెత్తుగా ఉండే రాయిగా, బెజెల్‌లో పెడితే కార్నీలియన్ ఏళ్లపాటు నిలుస్తుంది. పైగా గీతలు పడితే మళ్లీ పాలిష్ పెట్టించడం తేలిక. అయితే అది పారదర్శకం కాదు. లోపలి నుంచి వెలిగే రంగు వస్తుంది గానీ తళుకు రాదు. మీకు కావాల్సింది వెలుగా, తళుకా అన్నది ముందు తేల్చుకోండి. సగం నిర్ణయం అక్కడే అయిపోతుంది.

తళుకు కావాలంటే నా మాట స్పెస్సార్టైన్. గట్టిదనం 7 నుంచి 7.5, వక్రీభవనం 1.80 దరిదాపు, గార్నెట్‌లను మామూలుగా వేడి చేసి రంగు మార్చరు. రంగుకు కారణం మాంగనీస్. దాంట్లో ఇనుము పాలు పెరిగేకొద్దీ, అంటే అల్మండైన్ అనే ఇనుప గార్నెట్ వైపు జరిగేకొద్దీ, నారింజ నుంచి ఎరుపుకు, ఆపైన గోధుమకు పోతుంది. 1990ల మొదట్లో నమీబియాలోని కునేనే ప్రాంతం నుంచి వచ్చి మాండరిన్ పేరుతో ప్రసిద్ధమైనవి స్వచ్ఛమైన నారింజ రంగువి. మీకు కావాల్సిన నిప్పు రంగు వాటికంటే కొంచెం ఇనుము ఎక్కువున్న రాళ్లలో దొరుకుతుంది. మాండరిన్ అన్న పేరు కోసం ఎక్కువ పెట్టనక్కర్లేదు.

గోమేదికం కూడా గార్నెట్టే. గ్రాసులార్ జాతిది, వక్రీభవనం 1.74 దగ్గర. లోపల చక్కెర పాకం కలుపుతున్నప్పటి సుడుల్లాంటి ఆకృతి ఉంటుంది, అది దాని సహజ లక్షణం, లోపం కాదు. కానీ ఆ సుడుల వల్ల పలకల తళుకు మెత్తబడుతుంది. రంగు ఎక్కువగా తేనె, దాల్చినచెక్క వైపే ఉంటుంది. నిప్పు రంగు గోమేదికం వెతికితే దొరుకుతుంది, జత కుదర్చడమే కష్టం.

బరువు లెక్క ఇలా. పలకలు కోసిన ఓవల్ రాయి ఉజ్జాయింపు బరువు క్యారెట్లలో కావాలంటే పొడవు, వెడల్పుల సగటును దానితోనే గుణించండి. దాన్ని లోతుతో, సాపేక్ష సాంద్రతతో, 0.0020తో గుణించండి. 8×6 ఓవల్, లోతు 4 మి.మీ. అనుకుంటే 7×7×4×0.0020 = 0.392. దీన్ని స్పెస్సార్టైన్ సాంద్రత 4.15తో గుణిస్తే 1.63 క్యారెట్లు. నీలం 4.00 కాబట్టి 1.57. గోమేదికం 3.65తో 1.43. జిర్కాన్ 4.65తో 1.82. ఫైర్ ఓపల్ 2.0తో 0.78 మాత్రమే. అదే కొలత రాయి, జిర్కాన్‌లో ఓపల్ కంటే రెండు రెట్లకు పైగా బరువు. క్యారెట్ ధరలు పక్కపక్కన పెట్టి చూస్తే తప్పుదారి పడతారు. మీ బెజెల్‌లో కూర్చునే కొలతకు రాయి మొత్తం ఎంతవుతుందో లెక్కేసి పోల్చండి.

లెక్కలో వచ్చినదానికంటే బరువు బాగా ఎక్కువుంటే రాయి కింద పొట్ట లావుగా ఉందని అర్థం. ఆ పొట్ట మెరుపు ఇవ్వదు, దానికీ ధర కట్టాలి. బాగా తక్కువుంటే పల్చగా కోశారు, మధ్యలో కిటికీలా ఖాళీ కనిపిస్తుంది. రాయిని అక్షరాల మీద పెట్టి పైనుంచి చూడండి, నడుమ నుంచి అక్షరాలు చదవగలిగితే అదే ఆ కిటికీ.

వెలిగారం:

సానరాయి గారు రాళ్ల సంగతి చెప్పారు, నేను బల్ల మీద జరిగేది చెబుతాను. రాయి ఎంత మంచిదైనా పొదిగేటప్పుడే ఎక్కువ పాడవుతాయి.

మొదటి నియమం: రాయి కూర్చున్నాక టంకం లేదు, పికిల్ ద్రావణం (టంకం తర్వాత వెండిని శుభ్రం చేసే ఆమ్లపు నీళ్లు) లేదు. బెజెల్ కలపడం హార్డ్ టంకంతో, అడుగు పలకకు అతకడం మీడియంతో, కాడ, ఉంగరం రింగు, కొక్కెం లాంటివి ఈజీతో; ఈ మూడూ వరసగా తక్కువ వేడికి కరిగే టంకాలు. అన్నీ అయ్యాక పికిల్‌లో వేసి, కడిగి, ముందస్తు పాలిష్ చేసి, నలుపు పట్టించాలంటే అదీ ముగించి, చివర్లో రాయి. నల్లబరిచే గంధకపు ద్రావణం రాయి పెట్టాక వాడితే బెజెల్ సందులోంచి లోపలికి దిగి వెనుక వెండి నల్లబడుతుంది. పారదర్శక రాయి కింద అది చీకటి మచ్చలా కనిపిస్తుంది, మళ్లీ రాయి విప్పితే తప్ప పోదు. పికిల్‌లో ఇనుప పటకారు ముంచకండి, వెండి మీద రాగి పొర పడుతుంది. రాగి పటకారు గానీ ప్లాస్టిక్‌ది గానీ వాడండి.

నీలం మంట తట్టుకుంటుందని కొందరు రాయి ఉండగానే మరమ్మతు చేస్తారు. మంట తట్టుకోవడం నిజమే, కానీ వెలిగారం, బోరిక్ ఆమ్లం ఎర్రగా కాలినప్పుడు నీలం ఉపరితలాన్ని తినేస్తాయి. పలకల మీద చేప పొలుసుల్లా గుంటలు పడతాయి. గార్నెట్ అయితే లోపల ద్రవపు బుడగలు ఉన్నచోట పగులుతుంది. ఉంగరం కొలత ముందే సరిగ్గా తీసుకోండి. తర్వాత సైజు మార్చాలంటే రాయి తీయాల్సిందే.

బెజెల్ పట్టీ పొడవు: ఓవల్ పొడవు వెడల్పుల సగటుకు పట్టీ మందం కలిపి 3.14తో గుణించండి. 8×6కు 0.3 పట్టీ అయితే 7.3×3.14, అంటే 22.9 మి.మీ. 14×10కు 12.3×3.14, 38.6 మి.మీ. ఒక అర మి.మీ. ఎక్కువ కోసి, రాయి చుట్టూ చుట్టి, కలిసేచోట రెండు చివర్లూ ఆకురాయితో సమంగా రాయండి. రాయి లోపలికి దిగేటప్పుడు వేలితో చిన్న ఒత్తిడి చాలాలి. బిగుతుగా ఉంటే నొక్కకండి. బెజెల్‌ను మాండ్రెల్ (ఆకారం ఇచ్చే కడ్డీ) మీద పెట్టి తేలికగా సాగదీయండి. వదులుగా ఉంటే తిప్పలు ఎక్కువ, ఒక చోట మడత పడి అంచు లేస్తుంది. అలాంటప్పుడు అతుకు కోసి పొడవు తగ్గించడమే మేలు.

0.3 శుద్ధ వెండి పట్టీ క్యాబ్‌కు చాలు. పలకలు కోసిన స్పెస్సార్టైన్‌కు, అదీ రోజూ వేసే ఉంగరానికి, అది పల్చన. 0.5 మి.మీ. 925 పట్టీ తీసుకోండి, అప్పుడు పొడవు 7.5×3.14, 23.6 మి.మీ. లోపలి వైపు ఇంకో సన్నని పట్టీ అతికి మెట్టులా చేయండి. రాయి నడుము భాగం, గర్డిల్, ఆ మెట్టు మీద కూర్చోవాలి. గర్డిల్ పైన బెజెల్ అంచు 0.5 నుంచి 0.7 మి.మీ. ఉంటే చాలు. అంతకంటే ఎత్తుంటే మడిచేటప్పుడు ముడతలు పడతాయి, పై పలకల్ని కప్పేస్తుంది కూడా. రాయి కింద కొన మెట్టు అడుగు నుంచి బయటికి పొడుచుకొస్తే వేలికి గుచ్చుకుంటుంది. లోతు 4 మి.మీ. రాయికి గర్డిల్ నుంచి కొన వరకు సుమారు 2.5 మి.మీ. ఉంటుందనుకుని, మెట్టును ఉంగరం లోపలి గోడకు కనీసం 3 మి.మీ. ఎత్తున పెట్టండి.

మడిచే పద్ధతి అందరికీ తెలిసిందే, ముందు ఎదురెదురుగా నాలుగు చోట్ల, తర్వాత వాటి మధ్యలో. పొడవు చివరలు ముందు, పక్కలు తర్వాత. ఓవల్‌లో పక్కలు ముందు నొక్కితే మిగిలిన లోహం అంతా కొనల దగ్గర పోగై గుట్టలా లేస్తుంది. బెజెల్ అంచును నొక్కే పనిముట్టు, పుషర్, జారకుండా కొనను ముతక కాగితం మీద ఒకసారి రుద్దండి, నున్నగా మెరుస్తున్న పుషర్ జారి రాయికి తగులుతుంది.

ఫైర్ ఓపల్ పొదుగుతుంటే పైన రెండు పొరలు మాస్కింగ్ టేపు వేయండి. ఉక్కు ఆకురాయి గట్టిదనం దాదాపు 6.5, పొరపాటున తగిలితే గీత ఖాయం. పాలిషింగ్‌కు వాడే ట్రిపోలీలో సిలికా ఉంటుంది, అదీ ఓపల్‌ను గీస్తుంది. బఫ్ చక్రం రాపిడి వేడికి పగలవచ్చు. అందుకే ఓపల్ బెజెల్‌ను చివర్లో యంత్రంతో కాదు, చేత్తో గుడ్డ, బర్నిషర్ (రుద్ది మెరిపించే నున్నని ఉక్కు పనిముట్టు)తోనే మెరిపించాలి. అల్ట్రాసోనిక్‌లో, ఆవిరి యంత్రంలో ఓపల్ పెట్టకండి. గార్నెట్‌ను కూడా లోపల పగుళ్లు, ద్రవపు బుడగలు కనిపిస్తే పెట్టకండి. గోరువెచ్చని నీళ్లు, కాస్త సబ్బు, మెత్తని బ్రష్, చాలు.

ప్రాంగ్‌లు దుద్దులకు పెట్టుకోవచ్చు. 6 మి.మీ. రౌండ్‌కు 0.9 లేదా 1.0 మి.మీ. తీగ, నాలుగు కాళ్లు. గర్డిల్ కూర్చునే గాడి తీగ మందంలో మూడో వంతు దాటనివ్వకండి, లోతైతే వెండి అక్కడే విరుగుతుంది. ఉంగరానికి మాత్రం వెండి ప్రాంగ్‌లు వద్దు, వెండి మెత్తన, బట్టకు చిక్కుకుని లేస్తాయి.

పలక:

అసలు రాయో కాదో తేల్చుకోవడం గురించి. ఖరీదైన పరికరాలు లేకుండా మీరు చేయగలిగిన వాటిలో అన్నిటికంటే పనికొచ్చేది నియోడిమియం అయస్కాంతం. గిన్నెలో నీళ్లు పోసి, చిన్న థర్మోకోల్ ముక్కను తెప్పలా వదిలి, దాని మీద రాయి పెట్టండి. నీళ్లు నిశ్చలంగా అయ్యాక అయస్కాంతాన్ని రాయికి తగలకుండా రెండు మి.మీ. దూరంలోకి తీసుకురండి. స్పెస్సార్టైన్ అయితే మాంగనీస్ వల్ల తెప్ప వెంటనే కదిలి అయస్కాంతం వెంట వస్తుంది. గోమేదికం బద్ధకంగా కదులుతుంది. నీలం, ఓపల్, సిట్రిన్, క్యూబిక్ జిర్కోనియా, మామూలు గాజు కదలవు. ఫ్యాన్ ఆపేసి చేయండి, లేకపోతే గాలికి కదిలినదాన్ని చూసి మోసపోతారు. తెప్పను ఒట్టిగా కూడా ఒకసారి పరీక్షించండి.

రెండోది 10 రెట్ల లూప్, అంటే చిన్న భూతద్దం. రాయి పైపలకలోంచి అడుగు అంచుల వైపు చూడండి. అంచులు రెండేసి గీతలుగా కనిపిస్తే జిర్కాన్. దాని ద్వివక్రీభవనం 0.059 వరకు ఉంటుంది కాబట్టి చిన్న రాయిలో కూడా తెలుస్తుంది. ఒక దిశలో కనిపించకపోవచ్చు, రాయిని పక్కకు వంచి మళ్లీ చూడండి. గార్నెట్‌లో ఎటు చూసినా ఒకే గీత. గుండ్రటి గాలిబుడగలు కనిపిస్తే గాజు అనుకోవాలి. గ్రామఫోన్ రికార్డు మీది గాళ్లలా వంపు తిరిగిన సన్నని చారలు ఉంటే వెర్నాయ్ పద్ధతిలో చేసిన కృత్రిమ నీలం. స్పెస్సార్టైన్‌లో నలిగిన లేసులా అల్లుకున్న ద్రవపు పొరలు తరచూ ఉంటాయి, అవి మంచి సూచన.

మూడోది సాంద్రత. 0.001 గ్రాము వరకు చూపే తక్కెడ ఉండాలి, 0.01 తక్కెడతో ఈ పరిమాణపు రాయికి ఉపయోగం లేదు. 1.63 క్యారెట్లంటే 0.326 గ్రాము. నీళ్లలో వేలాడదీసి తూస్తే స్పెస్సార్టైన్ 0.247 దగ్గర, అదే బరువున్న గోమేదికం 0.237 దగ్గర చూపుతుంది. తేడా 10 మిల్లీగ్రాములే. రాయికి అంటుకున్న ఒక్క గాలిబుడగ చాలు లెక్క తారుమారు కావడానికి. నీళ్లలో ఒక చుక్క ద్రవ సబ్బు వేయండి, రాయిని ముందే తడపండి.

వక్రీభవనం కొలిచే రిఫ్రాక్టోమీటర్ అందుబాటులో ఉంటే గోమేదికం 1.74 దగ్గర హాయిగా చదువుతుంది. స్పెస్సార్టైన్ దగ్గర జాగ్రత్త, రాయికీ పరికరానికీ మధ్య వేసే మామూలు స్పర్శ ద్రవం హద్దు 1.79 నుంచి 1.81. రాయి విలువ సరిగ్గా ఆ గీత దగ్గరే ఉంటుంది కాబట్టి ఒకోసారి కనిపిస్తుంది, ఒకోసారి హద్దు దాటినట్టు చూపుతుంది. హద్దు దాటింది కాబట్టి జిర్కాన్ అని తేల్చేయకండి.

కార్నీలియన్: బల్బు ముందు పెట్టి చూడండి. మబ్బు పట్టినట్టు రంగు అక్కడక్కడా చిక్కనగా, పల్చనగా కలిసిపోతే సహజమైన పంపిణీ. సమాంతర పట్టీలు స్పష్టంగా తేలితే రంగు ఎక్కించిన అగేట్ కావచ్చు. దూదికి అసిటోన్ రాసి రుద్దితే చవక రంగులే వదులుతాయి, ఇనుప లవణంతో నానబెట్టి కాల్చిన రంగు వదలదు. అందుకని దూది తెల్లగా వచ్చిందంటే సహజమని కాదు. కార్నీలియన్‌ను వేడిచేసి ఎరుపెక్కించడం సింధు నాగరికత పూసల నాటి నుంచీ ఉన్న పనే, రంగు నిలుస్తుంది. నాకైతే ఇందులో అభ్యంతరం కనపడదు.

ఫైర్ ఓపల్ మీద ఒక నీటి చుక్క వేసి చూడండి. చుక్క పూసలా నిలబడితే సరే. రాయి దాన్ని పీల్చుకుంటే అది హైడ్రోఫేన్ రకం, ఇథియోపియాలోని వోలో నుంచి వచ్చేవాటిలో ఇది ఎక్కువ. నూనె, సబ్బు నీళ్లు, రంగు ఏదైనా లోపలికి తీసుకుంటుంది, అలాంటి వాటిలో రంగు ఎక్కించినవి ఉంటాయి. మెక్సికో ఫైర్ ఓపల్‌లో ఈ గుణం సాధారణంగా ఉండదు.

నీలంలో బెరీలియం సంగతి పైన పరీక్షలు వేటితోనూ తేలదు. దాన్ని ల్యాబ్‌లో లేజర్‌తో అణువంత పొడి చేసి మూలకాలు కొలుస్తారు. నివేదిక లేని ఎర్రనారింజ నీలాన్ని చికిత్స చేసినదిగానే లెక్కగట్టి బేరం చేయండి.

కణిక:

రంగు విషయంలో ఒకటి రెండు. రాయిని కిటికీ దగ్గర పగటి వెలుతురులో, తర్వాత 2700 కెల్విన్ పసుపు బల్బు కింద, తర్వాత 6500 కెల్విన్ తెల్ల ఎల్‌ఈడీ కింద చూడండి. పసుపు బల్బు కింద ఎర్రనారింజ రాళ్లన్నీ అందంగానే ఉంటాయి. తెల్ల ఎల్‌ఈడీ కింద గోధుమ రంగు బయటపడే రాయిని వదిలేయండి. అమ్మేవాళ్ల ఫోటోలు, వీడియోలు తరచూ పసుపు వెలుతురులోనే తీస్తారు.

వెండి ఎర్రనారింజను చల్లబరచి ఎత్తి చూపుతుంది. బెజెల్ లోపలి గోడను అద్దంలా మెరిపించండి, పారదర్శక రాయిలో అది నేరుగా కనిపిస్తుంది. వెనుక వైపు తెరిచి ఉంచితే ముదురు రాయి కాస్త తేలికవుతుంది, పల్చని రాయి మాత్రం కింద చర్మం రంగు తీసుకుంటుంది.

దుద్దుల జత కుదర్చాలంటే రాళ్లను తెల్ల కాగితం మీద తలకిందులుగా పెట్టి, అంటే కొన పైకి, ఒకదాని పక్కన ఒకటి ఉంచి పోల్చండి. తళుకు అడ్డు రాదు కాబట్టి అసలు రంగు తేడా తెలుస్తుంది. తర్వాత తిప్పి పైనుంచి చూడండి. గార్నెట్‌కు ఎటునుంచి చూసినా ఒకే రంగు, జత చేయడం సులువు. నీలానికి దిశను బట్టి రంగు మారుతుంది.

పటకారు:

అందరికీ ధన్యవాదాలు. ఉంగరానికి, దుద్దులకు స్పెస్సార్టైన్ ఖాయం చేశాను. ఉంగరం బెజెల్ 0.5 పట్టీతో. లాకెట్ దగ్గర ఆగాను. 14×10 స్పెస్సార్టైన్ పెట్టాలా, అక్కడ ఫైర్ ఓపల్ లేదా కార్నీలియన్ క్యాబ్ పెట్టాలా? ఓపల్ పెడితే వెనుక తెరవాలా, మూయాలా?

సానరాయి:

14×10 ఓవల్ లోతు 7 అనుకుంటే 12×12×7×0.0020×4.15, దాదాపు 8.4 క్యారెట్లు. ఆ పరిమాణంలో రెండు ఇబ్బందులు. శుభ్రమైన రాయి అరుదు, ధర క్యారెట్‌తో పాటు పెరుగుతూ పోతుంది. అంతకంటే పెద్దది రంగు. వెలుతురు రాయిలో ఎక్కువ దూరం ప్రయాణించేకొద్దీ రంగు ముదురుతుంది. 8×6లో నిప్పులా కనిపించిన పదార్థమే 14×10లో ఇటుక రంగులోకి పోవచ్చు. పెద్ద రాయి కావాలంటే చిన్న రాయి కంటే లేత పదార్థం వెతకాలి, అప్పుడే రెండూ ఒకే రంగుగా కనిపిస్తాయి.

లాకెట్‌కు దెబ్బలు తక్కువ. ఇక్కడ ఫైర్ ఓపల్ పెట్టొచ్చు, కానీ పలకలు కోసింది కాకుండా క్యాబ్ తీసుకోండి. కారణం వక్రీభవనం. ఓపల్‌కు 1.45 అనుకుంటే వెలుతురు బయటికి పోకుండా లోపలే తిరగడానికి దాటాల్సిన సందిగ్ధ కోణం 43.6 డిగ్రీలు, స్పెస్సార్టైన్‌కు 33.7. అంటే ఓపల్ కింది పలకలు అంతకంటే నిటారుగా కోయాలి, రాయి లోతవుతుంది. బరువు కోసం పల్చగా కోసినవాటిలో నడుమ పెద్ద కిటికీ. క్యాబ్‌లో ఆ గొడవ లేదు. 14×10×5 క్యాబ్ బరువుకు మూడు కొలతల్నీ సాంద్రతతో, 0.0026తో గుణించండి: ఓపల్ సుమారు 3.6 క్యారెట్లు, కార్నీలియన్ 4.7.

పక్కనే మెరిసే స్పెస్సార్టైన్ దుద్దులు ఉంటాయి కాబట్టి పారదర్శకమైన ఓపల్ వాటికి దగ్గరగా ఉంటుంది. కార్నీలియన్ మసక, పక్కపక్కన పెడితే వేరు సెట్‌లా అనిపిస్తుంది. నా ఓటు ఓపల్‌కే. కొన్నాక వెంటనే పొదగకండి. నాలుగైదు వారాలు మామూలు గదిలో, పెట్టెలో కాకుండా బయట, ఎండ తగలకుండా ఉంచండి. వారానికోసారి లూప్‌తో చూడండి. పగిలే గుణం ఉన్న రాయి తరచూ ఆ వ్యవధిలోనే పగులు చూపిస్తుంది. అమ్మేవారితో ఆ గడువు వరకు వాపసు ఒప్పందం ముందే రాయించుకోండి.

వెలిగారం:

వెనుక సంగతి: పూర్తిగా మూయకండి, పూర్తిగా తెరవకండి. అడుగు పలకలో 11×7 మి.మీ. ఓవల్ రంధ్రం కోయండి, చుట్టూ 1.5 మి.మీ. అంచు మిగులుతుంది, రాయి దాని మీద కూర్చుంటుంది. 0.5 మి.మీ. పలక సరిపోతుంది. అడుగు మూసేస్తే చెమట, సబ్బు నీళ్లు లోపల నిలిచిపోతాయి, ఆరవు. కొందరు రంపపు పొట్టు కింద వేసి రాయిని ఎత్తు పెంచుతారు, కార్నీలియన్ కింద పర్వాలేదు గానీ పారదర్శక ఓపల్ కింద వేస్తే తడిసి మచ్చలా కనిపిస్తుంది. ఎత్తు చాలకపోతే పలుచని వెండి తీగను అంచు మీద రింగులా వేయండి.

రంధ్రం కోసిన లోపలి అంచును పైవైపు నుంచి కొద్దిగా వాలుగా రాయండి. నిటారు అంచు మీద క్యాబ్ అడుగు కూర్చుంటే నొక్కుడు అంతా ఒక గీత మీద పడి ఓపల్ అక్కడే పెచ్చు లేస్తుంది. క్యాబ్ అడుగు చదునుగా ఉందో లేదో గాజు పలక మీద పెట్టి ఊపి చూడండి, ఊగితే కింద పొట్ట ఉన్నట్టు.

రాళ్లు చేతికి వచ్చి, వర్నియర్‌తో కొలిచాకే పట్టీలు కోయండి. 14×10 అని రాసినవి 0.2 మి.మీ. అటూ ఇటూ ఉండటం మామూలే, ఆ మేరకు 38.6 కూడా మారుతుంది.